ఎడమ కిటికీ, బోగీ నడుమ

విమానంలో ఏ సీటు తీసుకుంటే బయట బాగా కనిపిస్తుందని ఇప్పటి పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఫోనులో విమానం బొమ్మ తెరిచి, ఖాళీ గళ్ళు చూపించి, "చెప్పండి అత్తా, మీరు రిజర్వేషన్‌లో పనిచేశారు కదా" అంటారు. చెప్తాను. తోక వైపు కూర్చోండి, రెక్క దాటాక నాలుగైదు వరుసలు వదిలేసి. ఎండ పడని వైపు చూసుకోండి. కిటికీ అద్దానికి ముక్కు ఆనించకండి, ఆవిరి పట్టి మీకే అడ్డం. ఇంత గట్టిగా చెప్తున్నానంటే నేనేదో దేశాలు తిరిగేశాననుకునేరు. నేను విమానం ఎక్కింది మొత్తం మీద రెండు సార్లు, అదీ రిటైరయ్యాక. ఈ జ్ఞానమంతా అంతకు చాలా ముందే ఒక పెద్ద తప్పు చేసి సంపాదించుకున్నాను. ఆ తప్పు చేసిన రోజుల్లో విమానాన్ని దగ్గర నుంచి చూడనైనా చూడలేదు.

ఎనభైల నడుమ సంగతి ఇది. బిలాస్‌పూర్ స్టేషన్ రిజర్వేషన్ ఆఫీసులో నేను క్లర్కుని. కంప్యూటర్ ఇంకా రాలేదు. ఒక్కో రైలుకి ఒక్కో లావుపాటి రిజిస్టరు, ఒక్కో తేదీకి ఒక్కో పేజీ, పేజీ నిండా సీట్ల నంబర్లు. నంబరు పక్కన పేరు రాస్తే ఆ సీటు ఆయనది. అంటే కిటికీ ఎవరికివ్వాలో, మరుగుదొడ్డి పక్కన ఎవర్ని పడేయాలో నా చేతిలో ఉండేది. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది గానీ, ఆ అధికారం నాకు బాగా తలకెక్కింది.

తక్కిన క్లర్కులు కిటికీ అడిగితే కిటికీ ఇచ్చి ఊరుకునేవారు. నేను అలా కాదు. "ఏ వైపు కిటికీ?" అని అడిగేదాన్ని. వెనక క్యూలో జనం పళ్ళు నూరుతున్నా సరే, పొద్దుటి బండికి ఎండ ఏ వైపు పడుతుందో, కట్నీ వైపు వెళ్తే కొండల్లో లోయ ఏ చేతి మీద వస్తుందో లెక్క కట్టి అప్పుడు రాసేదాన్ని. దానికి తోడు నాకొక సూత్రం ఉండేది: ఎప్పుడూ బోగీ నడుమ సీటే. చివర్లలో కింద చక్రాలుంటాయి, ఒళ్ళంతా కుదిపేస్తాయి. తలుపులు పొద్దస్తమానం కొట్టుకుంటాయి. నడుమ కూర్చున్నవాడు మహారాజు. ఈ సూత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. రైల్లో.

అయితే నా శాస్త్రంలో ఒక లొసుగు ఉంది. బోగీని యార్డులో ఎటు తిప్పి తగిలించారో ఆఫీసులో కూర్చున్న నాకు తెలిసేది కాదు. తిరగబడిందంటే నా ఎడమ వాళ్ళకి కుడి అయిపోతుంది. ఒకసారి బ్యాంకులో పనిచేసే మన తెలుగాయన, కొత్తగా పెళ్ళయినవాడు, భార్యకి కొండలూ లోయలూ చూపించాలని ముచ్చటపడితే, ఏరికోరి రెండు సీట్లు రాసిచ్చాను. వారం తర్వాత వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఘాట్ అంతా రాతిగోడ చూశాం. గోడ చాలా బాగుంది" అని, మొహంలో నవ్వన్నది లేకుండా చెప్పి వెళ్ళిపోయాడు.

నా వెనక ఎవరో పకపకా నవ్వారు. తిరిగి చూస్తే ఎంక్వయిరీ దగ్గర కూర్చునే బాబాయి. ఆఫీసుకి వచ్చి నాలుగు నెలలైనా ఆయన నవ్వగా వినడం అదే మొదలు.

బాబాయంటే సొంత బాబాయి కాదు. శ్రీకాకుళం మనిషి, మా నాన్నకి స్నేహితుడు, మా పక్క వీధి క్వార్టరు. ముప్పై ఏళ్ళు ఇంజన్ నడిపాడు. డ్రైవర్లకి కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షలో ఆయన కుడి కన్ను తప్పింది. మెడికల్ ఫెయిలైన డ్రైవర్ని రైల్వే ఇంటికి పంపించేయదు, ఏదో ఒక కుర్చీ చూసి కూర్చోబెడుతుంది. ఈయనకి మా ఆఫీసులో ఎంక్వయిరీ కుర్చీ దొరికింది. ఆయనకి అది కుర్చీలా లేదు, శిక్షలా ఉంది. కట్నీ పాసింజరు ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే "వచ్చినప్పుడు" అనేవాడు. లేటా అంటే, "నేను నడపట్లేదుగా, లేటే" అనేవాడు. మా హెడ్ క్లర్కుని అందరం బడే బాబు అనేవాళ్ళం. ఆయన ఈ జవాబులు విని రోజుకి పదిసార్లు తల పట్టుకునేవాడు.

"ఏటి బాబాయ్, నవ్వుతున్నావు?" అన్నాను కోపంగా.

"నవ్వక ఏటి సేస్తాను. నువ్వు సీటు నంబరు సూసి లోయ సెప్తన్నావు. బోగీ ఇటూ తిరుగుతాది, అటూ తిరుగుతాది. లైను తిరగదు కదమ్మా. ముందు లైను సదువుకో."

"ఎవరు చదివిస్తారు?"

"నానున్నాను కదా" అన్నాడు. ఆ మాటకి తనే ఆశ్చర్యపోయాడు.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం డబ్బా తెరిచినప్పుడల్లా నాకు పాఠం. బాబాయి కళ్ళు మూసుకుని బల్ల మీద చెయ్యి పెట్టి బండి బయలుదేరదీసేవాడు. ఇదిగో వంతెనొచ్చింది, ఎడమ సేతి మీద ఇసుక, ఎండాకాలం పుచ్చకాయలేస్తారు. ఇదిగో మలుపు, ఇక్కడ కుడి పక్క సూస్తే కింద ఏరు. నేను పూరీ నములుతూ రాసుకునేదాన్ని. పొద్దున్నే డ్యూటీకి ముందు యార్డు దాకా నడిచి, బోగీలు ఎటు తిరిగున్నాయో చూసుకుని వచ్చేదాన్ని కూడా. ఆ తర్వాత రాతిగోడ గురించి మళ్ళీ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

బాబాయి కూడా మారిపోయాడు. బండి ఎన్నింటికి అని అడిగిన పాపానికి, దార్లో నెమళ్ళు ఎక్కడ కనిపిస్తాయో కూడా చెప్పి పంపేవాడు. "పహలే బోల్తా నహీ థా, అబ్ చుప్ నహీ హోతా" అని బడే బాబు గొణిగేవాడు. మొదట్లో నోరు విప్పడు, ఇప్పుడు మూయడు అని ఆయన బాధ.

రిటైర్మెంటు ఇంకా కొన్ని నెలలుందనగా బాబాయి పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చాడు. వచ్చి, బండి రెండు గంటలు లేటు అని చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఎడమ కన్ను కూడా పక్కల నుంచి మూసుకుపోతోందట. ఏడాదో, రెండేళ్ళో.

నేను రిజిస్టరు మూసేశాను. ఆయనే అన్నాడు.

"ముప్పై ఏళ్ళు ముందుకే సూసినానమ్మా. పట్టాలు, సిగ్నలు, పట్టాలు, సిగ్నలు. నీకు సెప్పిన ఏర్లూ కొండలూ అన్నీ దొంగసూపులే. కన్ను పోయే లోపల ఒక్కపాలి పైనించి పెద్దగా సూడాల. మా కళింగపట్నం కాడ వంశధార సముద్రంలో కలుస్తాది కదా, అది పైనించి ఎలాగుంటాదో సూడాల. ఇమానం ఎక్కుతాను."

నాకు ఏడుపొచ్చింది. వెంటనే నవ్వు కూడా వచ్చింది, ఎందుకంటే మా రైల్వే కాలనీలో విమానం మాట ఎత్తినవాళ్ళు అంతవరకు లేరు. మాకు పాసులుంటాయి. టికెట్టు కొనుక్కుని ప్రయాణం చేయడం అనేదే మాకు వింత. పాసుండగా విమానం టికెట్టు కొంటున్నాడట అని మూడు వీధుల్లో చెప్పుకున్నారు. రిటైరవగానే కలకత్తా దాకా పాసు మీద మెయిల్లో, అక్కణ్ణుంచి విశాఖకి విమానం, తిరిగి పాసు మీద ఇంటికి. ఇదీ ఏర్పాటు. వెంట పిన్ని.

"దారిలో ఇమానం ఆగిపోతే ఆ డ్రైవరు ఏటి సేస్తాడు?" అని పిన్ని భయం.

"ఆగిపోడానికి స్టేషన్లుండవు, కూకో" అని బాబాయి ధైర్యం చెప్పాడు.

ఆయన సరిగ్గా చూడగలిగేది ఆ ఒక్కసారే. ఇంకో ఏడాది ఆగి మళ్ళీ వెళ్దామంటే కుదిరే వ్యవహారం కాదు. "సీటు మాత్రం నువ్వే సెప్పాల" అన్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో, అంత బెదురూ పుట్టింది.

మూడు రోజులు ఆఫీసు పని పక్కన పెట్టి ఆలోచించాను. కలకత్తా నుంచి విశాఖకి రైల్లో వస్తే చిల్కా ఎడమ చేతి మీద వస్తుంది. సముద్రం అటే. కాబట్టి ఎడమ. బాబాయికి పనిచేసే కన్ను కూడా ఎడమదే. మళ్ళీ ఎడమ. ఇక ముందా, వెనకా, నడుమా? అందులో ఆలోచించడానికేముంది. నడుమే. విమానానికి రెక్కలుంటాయని తెలియదా అని మీరు అడగొచ్చు. తెలుసు. కానీ రెక్క అంటే బోగీ మెట్లలాగా ఎక్కడో కాళ్ళ కింద ఉంటుందనుకున్నాను. నేను చూసిన బొమ్మలన్నీ విమానాన్ని బయట నుంచి వేసినవే కదా.

అంతటితో ఊరుకున్నానా. తెల్లకాగితం తీసి, విమానాశ్రయం కౌంటరులో డ్యూటీలో ఉన్న క్లర్కు గారికి, బిలాస్‌పూర్ రిజర్వేషన్ క్లర్కు రాయునది అని మొదలుపెట్టి, ఈ కాగితం తెచ్చినవారు రిటైర్డ్ డ్రైవరు, వీరికీ వీరి భార్యకూ ఎడమ వైపు, కిటికీ పక్కన, బోగీ నడుమ సీట్లు ఇప్పించగలరు అని ఇంగ్లీషులో రాశాను. కింద ఆఫీసు ముద్ర కొట్టాను. కొట్టకూడదు. కొట్టాను. బాబాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, కళ్ళజోడు వెనక దాచుకున్నాడు.

వాళ్ళు మెయిల్ ఎక్కి వెళ్ళిన మర్నాడు పొద్దున ఒక బొగ్గు గనుల ఇంజనీరు టికెట్టుకి వచ్చాడు. తెలుగాయన, విమానాల్లో తరచూ తిరిగేవాడు. గొప్ప చెప్పుకునే అవకాశం దొరికితే నేను వదలను. మా బాబాయికి విమానంలో కూడా నేనే సీటు రాసిచ్చానని చెప్పాను.

"ఏ సీటండీ?"

"ఎడమ వైపు, సరిగ్గా నడుమ."

ఆయన ఫారం నింపడం ఆపి తలెత్తాడు. "ఎడమ బాగానే ఉంది. నడుమ రెక్క కదండీ. కిటికీ బయట మంచమంత రేకు ఉంటుంది. కింద ఏమీ కనపడదు. వెనక ఇవ్వాల్సింది."

ఆ కంగారులో ఆయన పేరు కూడా తప్పు రాశాను. విమానం మర్నాడు పొద్దున. ఆ రాత్రికి వాళ్ళు హౌరాలో రైల్వే రెస్ట్‌హౌసులో ఉంటారు. ఇంకా టైముంది. లేచి వెళ్ళి రైల్వే ఫోను తీశాను. సొంత పనికి ఆ ఫోను ముట్టుకుంటే మెమో ఇస్తారు. బడే బాబు నన్ను చూశాడు, తర్వాత గోడ వైపు తిరిగి చాలా శ్రద్ధగా పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టాడు. పెన్సిల్ సగమైపోయింది పాపం.

హౌరాకి నేరుగా లైను దొరకలేదు. ఖరగ్‌పూర్ దొరికింది. అక్కడ ఫోనెత్తింది మనవాడే, శ్రీకాకుళం గొంతు.

"ఏటమ్మా, అంత కంగారు? ఎవులైనా పోనారా?"

"ఎవరూ పోలేదన్నా. సీటు తప్పింది" అని మొత్తం చెప్పాను. నడుమ వద్దు, వెనక అడగమని హౌరా రెస్ట్‌హౌసులో మా బాబాయికి కబురు చేరాలి.

"కిటికీ కోసమా?" అన్నాడు. మళ్ళీ తనే, "డ్రైవరు బాబాయికి కన్ను పోతోందన్నావు కదూ. నాను సెప్తాను, ఉండు" అన్నాడు. మధ్యాహ్నం తిరిగి ఆయనే చేసి, కబురు అందిందన్నాడు. అప్పుడు డబ్బా తెరిచి అన్నం తిన్నాను.

పది రోజులకి వాళ్ళు తిరిగొచ్చారని తెలిసి, ఆదివారం ఊరి శివార్లలో లాల్‌ఖదాన్ వెళ్ళాను. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి అక్కడ చిన్న ఇంట్లోకి మారారు. గుమ్మంలోనే పిన్ని.

"రా, రా. నీ కోసమే సూస్తన్నాను. మంచి రేకు సూపించినావు కదమ్మా. ఎక్కినకాడి నుంచి దిగినదాకా రేకే."

"అదేంటి పిన్నీ, వెనక అడగమని కబురు పెట్టాను కదా. అందలేదా?"

"అందింది. ఎందుకడగలేదో ఆయన్నే అడుగు."

బాబాయి మంచం మీద నిటారుగా కూర్చున్నాడు, విచారణకి వచ్చిన అధికారి ముందు కూర్చున్నట్టు.

"కబురొచ్చింది. రెస్ట్‌హౌసు వాచ్‌మన్ వచ్చి నోటితో సెప్పినాడు. రాతలో ఉందా అని అడిగినాను. లేదన్నాడు. పోనీ నంబరిచ్చినారా అన్నాను. అదీ లేదన్నాడు. మరి నానెలాగ ఒప్పుకుంటాను?"

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. డ్రైవరుకి నోటి మాట ఆర్డరు కాదు. సిగ్నలు ఎర్రగా ఉన్నప్పుడు స్టేషన్ మాస్టరు స్వయంగా వచ్చి వెళ్ళమన్నా, చేతికి కాగితం అందితే తప్ప ఇంజన్ కదపడు. ఫోనులో మాటైతే చెప్పేవాడికీ వినేవాడికీ మాత్రమే తెలిసే రహస్య నంబరు చెప్పుకోవాలి. నోటి మాట మీద బండి నడిపితే జనం చచ్చిపోతారు. ముప్పై ఏళ్ళు ఆ క్రమశిక్షణలో బతికిన మనిషికి నేను తప్పుని ముద్ర కొట్టి రాతలో ఇచ్చాను, దిద్దుబాటుని నోటితో పంపాను. రైల్వేలో పుట్టి రైల్వేలో పెరిగినదాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

"అక్కడ కౌంటరు కాడ కూడా సెప్పినాడే" అంది పిన్ని. "నీ కాయితం సదివి నవ్వినాడు. రెక్క అడ్డొస్తాది, వెనక మంచి సీట్లున్నాయి, తీసుకోండి అని ఇందీలో సెప్పినాడు. ఈయన ఇంటేనా. మా రిజర్వేషన్ పాప రాసింది, ఆ పాప రాసిందంటే తిరుగులేదు అన్నాడు."

నేను ఇంక ఆగలేకపోయాను. అక్కడే గచ్చు మీద కూర్చుని ఏడ్చేశాను. ఒక్క చూపు మిగిలిన మనిషికి రేకు చూపించానన్న మాట నా నోటితోనే అనేశాను.

"ఆగు, ఆగు" అన్నాడు బాబాయి. "నాను సూసింది ఇను ముందు. ముప్పై ఏళ్ళు బండి నడిపినాను కదా, ఒక్కపాలైనా తిప్పినానా? పట్టా ఎటు తిరిగితే అటే. డ్రైవరు సేతిలో తిప్పడం లేదమ్మా. నడపడం, ఆపడం, అంతే. మరి ఇమానం నడిపేవోడికి పట్టాల్లేవు కదా, మలుపెలాగ తిరుగుతాడు అని నాకు సిన్నప్పట్నించీ డౌటు. నీ సీటు కాడ కూకుంటే అంతా కళ్ళ ముందరే జరిగింది." సుద్దముక్క తీసుకుని గచ్చు మీద రెక్క గీశాడు. చివర ఒక చిన్న రేకు గీశాడు. "ఇదిగో, ఇదింత లేసింది. ఇంతే. ఇల్లంత ఇమానం ఒక పక్కకి ఒరిగిపోనాది. ఓలమ్మ, ఇంత రేకు."

నన్ను ఓదార్చడానికి చెప్తున్నాడేమో అని అనుమానం వచ్చింది. కానీ ఆ బొమ్మ వంటింటి గడప దాకా పాకింది. రెక్కలో ఏ ముక్క ఎప్పుడు కదిలిందో, ఎంత కదిలిందో గీస్తూనే ఉన్నాడు. మనిషి ఓదార్చడానికి అంత సుద్ద ఖర్చు పెట్టడు. ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు.

"మరి కళింగపట్నం?" అన్నాను మెల్లగా.

"ఒరిగింది అక్కడే. వెనక సీటాయనెవరో కళింగపట్నం, కళింగపట్నం అంటన్నాడు. రెక్క కిందికి దిగి, సముద్రం దాని మీదుగా పైకి లేసిందంట. నాను ఆ సిన్న రేకు కాడే ఉండిపోనాను, తల తిప్పేసరికి తిన్నగైపోనాది. మీ పిన్ని సూసింది."

"ఆఁ, సూసినాను" అని పిన్ని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

రెండో వానాకాలానికి ఎడమ కన్ను కూడా పూర్తిగా మూసుకుపోయింది. నాకు వీలైన ఆదివారాలు లాల్‌ఖదాన్ వెళ్తుండేదాన్ని. సాయంత్రం అరుగు మీద కూర్చోగానే బాబాయి, "సెప్పే" అనేవాడు. పిన్ని చెప్పేది. ఏరు ఎర్రగా వచ్చి సముద్రం మొదట్లో ఎలా ఆగిందో, ఇసుక ఎలా మెరిసిందో, పడవలు ఎలా ఉన్నాయో. ఆయన కళ్ళు మూసుకుని తలూపుతూ వినేవాడు. మొదట్లో మూడు పడవలుండేవి. తర్వాత ఏడయ్యాయి. ఆ ఏడాది చివరికి పదకొండు.

ఒక ఆదివారం బాబాయి లోపల నిద్రపోతున్నాడు. పిన్నీ నేనూ బఠాణీలు ఒలుస్తున్నాం.

"పిన్నీ, నిజంగా అన్ని పడవలున్నాయా?" అని నవ్వుతూ అడిగాను.

ఆమె లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నాకేటి తెలుసు పిల్లా. అది ఒరిగిందో లేదో నాను గట్టిగా కళ్ళు మూసేసుకున్నాను. ఆయన భుజం పట్టుకుని కూకున్నాను. తిన్నగైనాక కూడా తెరవలేదు."

అంటే సముద్రాన్ని ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

"మరి ఇన్నాళ్ళూ..."

"ఏటి సెయ్యమంటావు? ఆయన డ్యూటీ నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా ఏటి సూసినావు అని అడిగీదాన్ని. ముప్పై ఏళ్ళు అడిగినాను. పట్టాలు అనీవోడు, అన్నం తినీసి తొంగునీవోడు. ఇప్పుడు ఆయన నన్నడుగుతన్నాడు. నాను సూడలేదని ఎలాగ సెప్పను?" రెండు కాయలు ఒలిచి మళ్ళీ అంది, "నా కాడ సరుకు అయిపోనాదే పిల్లా. పడవలే పెంచుతన్నాను. నీ కౌంటరుకి అటేపోళ్ళు వస్తారు కదా, కొంచెం అడిగి సెప్దూ."

ఆ మర్నాటి నుంచి విశాఖకో, శ్రీకాకుళం రోడ్‌కో టికెట్టు రాయించుకునే వాళ్ళందరినీ పట్టుకున్నాను. కళింగపట్నం చూశారా, అక్కడ ఏముంటుంది, నీళ్ళు ఏ రంగు, ఇసుక ఎటు. వెనక క్యూ అరిచేది. బడే బాబు ఇంకో పెన్సిల్ తీశాడు. గురువారం నాడు ఒక ముసలాయన దొరికాడు, ఆ పక్క ఊరి మనిషే. ఆదివారం వెళ్ళి పిన్ని చెవిలో ఒక లైట్‌హౌసు చెప్పి వచ్చాను.

పై ఆదివారం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే బాబాయి అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఇలా రామ్మా, కూకో. కళింగపట్నంలో లైట్‌హౌసుంది, దాని సంగతి నీకు సెప్పినానా?"

చెప్పలేదన్నాను. సాయంత్రమంతా కూర్చుని విన్నాను.